కాఫీ తాగని అభ్యర్థి

మా తెలుగు సంఘం కార్యదర్శి ఎన్నికలో ఒక మనిషి కాఫీ తాగనందుకు ఓడిపోయాడు. నవ్వకండి, నేను కళ్ళారా చూశాను. కంప్యూటరు ఉద్యోగాల కోసం మనవాళ్ళు విమానాల నిండా సింగపూరులో దిగుతున్న రోజులవి. నేను అంతకు చాలా ముందే మలేషియా రబ్బరు తోటల నుంచి పనికి వచ్చినవాణ్ణి. బడికి పోలేదు. పొట్లాం కాగితాల మీద తెలుగు నేర్చుకున్నాను.

ఆ ఓడిపోయినాయనది రాజమండ్రి. టాంపినీస్ పేటలో మేముండే బ్లాకు కింద శనివారాలు పిల్లలకు తెలుగు చెప్పేవాడు. గెలిస్తే ప్రతి పేటలోనూ తరగతులు పెట్టిస్తానన్నాడు. నాకింకేం కావాలి? నేనే ఆయన పేరు ప్రతిపాదించి, ఓట్లకు ఆయన వెంట తిరిగాను.

మనవాళ్ళ ఇంట్లో కాఫీ వద్దంటే ఏమవుతుందో తెలిసిందే. ఆయన టీ కూడా వద్దన్నాడు. యూ టీ అనే పేటలో ఒక ఇల్లాలు, మా ఇంట్లో తాగరా అండీ అని నొచ్చుకుంది. దాంతో తాను మోర్మన్‌నని, అది క్రైస్తవంలో ఒక శాఖ అని, తాము కాఫీ, టీలు ముట్టమని ఉన్నమాట చెప్పేశాడు.

ఇక చూడండి. ఆ శాఖలో వెనకటికి ఉండేదని ఎక్కడో విని, ఆయనకు నలుగురు పెళ్ళాలట అన్నారు, ఆయనకున్న ఒక్క భార్యతో కలిసి రోజూ మార్కెట్టుకు పోయే ఆడవాళ్ళే.

"మోర్మన్ అన్న పేరులోనే మర్మం ఉందంకుల్, మీకే తెలీలేదు," అన్నాడొక ఇంజనీరు.

సర్వసభ్య సమావేశంలో ఆ ఇంజనీరే లేచి, ఉగాదికి దీపం వెలిగిస్తారా అని అడిగాడు.

"పెద్దవాళ్ళ చేత వెలిగింపజేస్తానండి. పూజ నేను చేయలేను. తక్కిన చాకిరీ అంతా నాది," అన్నాడాయన.

ఒక్క అబద్ధమాడితే గెలిచేవాడు. తరగతుల సంగతి అడగండయ్యా అని నేను గొంతు చించుకున్నాను. ఎవరికి కావాలి? పోటీగా నిలబడ్డవాడు నుదుట బొట్టుతో, నోరు విప్పకుండానే గెలిచాడు.

మతం చూడకూడదా అంటే, చూడండి. పిల్లలకు అక్షరాలు చెబుతున్నాడో, మతం చెబుతున్నాడో వచ్చి వినండి అన్నాను. ఒక్కరూ రాలేదు. పిల్లల్ని మాత్రం మానిపించారు. చివరికి నా కోడలు కూడా.

"మార్చేస్తారంట మామయ్యా. మనకెందుకొచ్చిన గొడవ?" అంది.

ఇంట్లో నా ఓటు చెల్లలేదు. మనవడు గుణింతాల సగంలో ఆగిపోయాడు. ఇప్పటికీ నేను తెలుగులో తిడితే, ఏమన్నావు తాతా అని ఇంగ్లీషులో అడుగుతాడు.