కుర్చీలో కూర్చుని చెప్పిన పేరు

ఒక పేరు ఒకే ఒక్కసారి పైకి అన్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్భయ్యో దశకం చివర్లో తిరుపతిలో ఒక వరస ఇళ్ళలో గది అద్దెకు తీసుకున్నాను. ఐరాల ఊరి పక్క మా తాతల మిద్దె, తోపులు అన్నీ పోయాక మిగిలింది నేనూ, నా ఇస్త్రీ చొక్కాలూ. ఆ వరసంతటికీ ఒక్క కొళాయి, ఒక్క కక్కసు. తెల్లవారకముందే బిందెలతో నిలబడాలి. నేను నిలబడలేకపోయాను. మా ఇంట్లో మగవాళ్ళు బిందె పట్టి ఎరగరు.

పక్కగది మునెమ్మ ఇది కనిపెట్టింది. సత్రంలో గదులు ఊడ్చే పెద్దావిడ. రాత్రి నేను ఖాళీ బిందె గడప బయట పెట్టేవాణ్ణి, అడిగినట్టు కాకుండా. తెల్లారేసరికి నిండి ఉండేది. దాన్ని ఆమె బండమీద దించిన చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

ఒక వానాకాలం కక్కసు నీళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, పిల్లలు వాంతులతో పడిపోయారు. మునెమ్మ గడపగడపకూ తిరిగింది. ఇంకో కొళాయి వేసి, కాలవ బాగుచేసేదాకా ఎవరమూ అద్దె కట్టకూడదని అందరూ ఒక మాట మీదకు వచ్చారు. ఇంటాయన దగ్గరికి నన్ను పొమ్మన్నారు. ఆయన తండ్రి ఒకప్పుడు మా కళ్ళంలో వడ్లు కొలిచేవాడు. నా మాటకు విలువ ఉంటుందని వాళ్ళ ఆశ.

“ఇస్త్రీ సొక్కా ఏసుకోని పో నాయనా, మాకు లేంది అదొకటే,” అని మునెమ్మ నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. “ఎవురు మొదులుపెట్టినారని అడిగితే, అందరమూ అని చెప్పు. ఇంగేమీ చెప్పొద్దు.”

ఇంటాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. వెండి గ్లాసులో కాఫీ తెప్పించాడు. నాకు అలా కుర్చీ వేసి ఎన్నాళ్ళయిందో.

“మీరు ఆ గుంపులో ఏంది సామీ? మీకిట్లాంటి బుద్ధి పుట్టదు. ఎవురు ఎగదోసినారు?”

“మునెమ్మ,” అన్నాను.

ఆయన బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. మరి ఎందుకు చెప్పాను? ఆ గుంపులో వాణ్ణి కానని ఆయన అన్నాడే, ఆ మాట నిజమని ఆ కాఫీ చల్లారేలోపు నాకు నేను రుజువు చేసుకోవాలనిపించింది. అంతే.

కొన్నాళ్ళకే కొళాయి వచ్చింది. మునెమ్మ సామాను వీధిలోకి వచ్చింది. పెద్దింటి మాట పనిచేసిందని వరసంతా నన్ను మెచ్చుకుంది. నేను చేతులు కట్టుకుని విన్నాను. ఆమె బంగారుపాళ్యం పక్క తోపుల్లో కూలికి పోయిందని తర్వాత తెలిసింది.

ఆమె వెళ్ళిన రోజు పొద్దున కూడా నా బిందె నిండి ఉంది. పేరు చెప్పింది నేనేనని తెలియక పెట్టిందా? తెలిసే పెట్టిందా? ఏది నిజమైతే నేను తట్టుకోగలను?

మర్నాటి నుంచి నేనే బిందెతో కొళాయి వరసలో నిలబడ్డాను. ఏమంత కష్టంగా లేదు. వాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు, పరాచికాలాడారు. ఆమె ఉండగానే ఒక్కరోజైనా ఆమె వెనక నిలబడి ఉంటే?

ఇప్పుడు నా ఇంట్లోనే కొళాయి ఉంది. అయినా తెల్లవారుజామున బండమీద బిందె చప్పుడు కోసం చెవి ఒగ్గి పడుకుంటాను.

ఎవరు మొదలుపెట్టారు?

అందరమూ. ఆ మాటలో నన్ను కూడా కలుపుకునే ఆమె చెప్పింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆలస్యంగానైనా, ఆమెకు వినిపించకపోయినా, ఇవాళ చెప్పాను.