అప్పన్న చిన్నాన్న గోత్రం

నేనిప్పుడు ఉంటున్న బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో నూనె దుకాణం ముందునుంచి నడిచినప్పుడల్లా ఎండుకొబ్బరి వాసన ముక్కుకు తగిలి, నన్ను అమాంతం బాగన్ దాతుక్ కొబ్బరితోటలోని రేకుల ఇంటికి ఎత్తుకుపోతుంది. కొబ్బరి ఆరబెట్టే బట్టీలో పనిచేసే అప్పన్న చిన్నాన్నకు పెళ్లీ లేదు, పెళ్లామూ లేదు, ఇంటినిండా ఆడపిల్లలం మాత్రం ఉండేవాళ్లం. తోటలో తల్లీతండ్రీ పోయిన పిల్లలం, రవణ, గౌరి, చివరికి నేను, ఒక్కొక్కరమే ఆ గుమ్మం ఎక్కాం. మాకు ఒకరితో ఒకరికి రక్తసంబంధం లేదు గానీ, జుట్లు మాత్రం సొంత అక్కచెల్లెళ్లలాగే పట్టుకునేవాళ్లం.

శనివారం సాయంత్రం టీవీలో గుర్రాల దొర కథ వచ్చేది. పెద్ద టోపీ పెట్టుకుని పశువుల మందలు కాసే ఆ దొర, దిక్కులేని ఆడపిల్లల్ని చేరదీసి, జడలు వేయడం రాక నానా తంటాలు పడేవాడు. చిన్నాన్నకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఉడికించిన కర్రపెండలం మీద కొబ్బరికోరు చల్లి మాకు పెడుతూ కథంతా ఆయనే చెప్పేవాడు. ఆయన కథలో దొర పిల్లలకు పొద్దున్నే చద్దన్నం పెట్టేవాడు, నూనె రాసి తలంటేవాడు.

“సూడండర్రా, ఆడికీ నాలాగే అవస్త!” అనేవాడు.

శనివారం పడిన ఒక శ్రీరామనవమినాడు ఆ కథలో చిన్నపిల్లను తీసుకుపోవడానికి మేనత్త బండి దిగింది. సరిగ్గా అప్పుడే మా గుమ్మంలోకి పోర్ట్ క్లాంగ్ నుంచి నా మేనత్త వచ్చింది.

“మా అన్న కూతురు. పరాయింట్లో ఉంటాదేటి? తోలుకుపోతాను.”

చిన్నాన్న టీవీ కట్టేశాడు.

“ముందు కోవెలకి పోదాం లా. తరవాత మాటాడుదాం.”

కోవెలలో పూజారి గోత్రం అడిగాడు. అత్త నోరు తెరిచేలోగా చిన్నాన్న మా ముగ్గుర్నీ ముందుకు తోశాడు.

“నాగేశ్వర గోత్రం. ముగ్గురూ నా కూతుళ్లే.”

పూజారి అలాగే చదివేశాడు. అంత సంతోషం నేను మళ్లీ ఎరగను. అత్త పానకం గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

“రాములోరి ముందర సెప్పేసినావు. ఇంకేటంటాను?” అంది చివరికి. మర్నాడు ఒక్కతే బస్సెక్కింది.

ఇప్పుడు ఆ బట్టీ లేదు, రేకుల ఇల్లున్నచోట పామాయిల్ చెట్లు లేచాయి, చిన్నాన్నా పోయాడు. కథలో ఆ పిల్ల ఏమైందో నాకు నేటికీ తెలియదు. పెళ్లయిన ఆడదానికి అత్తింటి గోత్రమే గోత్రమంటారు, నిజమే. అయినా ఇక్కడి కోవెలలో పూజారి అడగ్గానే “నాగేశ్వర” అనేస్తాను. మా ఆయన మోచేత్తో పొడుస్తాడు. పూజారికి అలవాటైపోయి, నవ్వుకుంటూ రెండూ చదివేస్తాడు.