రాతి మీద చోటు దొరకని మా మేనత్త

పుంగనూరులో మా కుటుంబానికి మిగిలింది వీధి మొదట్లో తాత కొన్న చిన్న ఖాళీ జాగా. మిగతాదంతా నాన్న కాలంలోనే పోయింది. నేను మదనపల్లెలో అద్దె ఇంట్లో ఉంటాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. యుద్ధాల్లో చనిపోయిన సైనికులకు రాయి నిలబెడతామని కమిటీ పెద్ద ఆ జాగా కోసం వచ్చినప్పుడు ఊరికే ఇచ్చాను. ఒక్కటే అడిగాను.

రంగూన్ మీద జపాను బాంబులు పడ్డప్పుడు మా తాత బియ్యం వ్యాపారం వదిలేసి, పెళ్లాం పిల్లలతో కాలినడకన బయలుదేరాడు. నాన్న చెల్లెలు, ఐదేళ్ల పిల్ల, అరకాన్ కొండల్లో విరేచనాలు పట్టి పోయింది. రాతి అడుగున ఆమెకొక వరుస కావాలన్నాను.

"దానికేముందన్నా, సెక్కిస్తాం," అన్నాడు కమిటీ పెద్ద.

రాయి తయారైందంటే అతని కారులోనే, రాయి చెక్కిస్తున్న కుప్పం వెళ్లాం. సైనికుల పేర్ల కింద బంగారు రంగులో మా తాత పేరుంది, స్థలదాత అని. పిల్ల ఊసే లేదు.

"మా అత్త యాడప్పా?"

"కోపం సేసుకోవాకన్నా. పసిబిడ్డ సావు రాతిమీద రాస్తే ఊరికి మంచిది కాదని పంచాంగం అయ్యోరు సెప్పినాడు. పసిబిడ్డలకు తద్దినమే ఉండదు గదా."

"ఈ పైనుండేవాళ్లంతా పెండ్లికి పోయినారా?"

"వాళ్లు దేశం కోసరం పోయినారు. ఆ బిడ్డ బేదులై పోయింది. రెండూ ఒగటేనా, నువ్వే సెప్పు!"

నాయనమ్మ బతికినన్నాళ్లూ పెద్దల అమావాస్యకు, పోయినవాళ్లకు పెట్టే చీరల పక్కన ఆ పిల్లకని చిన్న పావడ పెట్టేది. పురోహితుడు వద్దన్నా వినేది కాదు. ఆ దారిలో రాలిపోయినవాళ్లను అప్పుడు ఏలిన తెల్లవాళ్లు లెక్కచెయ్యలేదు. బర్మా తనవాళ్లనుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక మనమూ అనుకోలేదు. తుపాకీ పట్టి చచ్చినవాడికి జెండా కప్పుతారు. పారిపోతూ చచ్చినవాళ్ల సంగతెత్తితే ఇంట్లోవాళ్లే మాట మారుస్తారు.

"తాత పేరు తీసేయించు," అన్నాను.

"మీ వంశానికి మిగిలేది ఇదొక్కటే గదన్నా. బంగారు రంగు నేనే ఏపించినా."

"ఆ రంగు మాకొద్దు."

రాయి చెక్కే మనిషి అతని వైపు చూసి, నా వైపు చూసి, మిషను పెట్టాడు. తెల్లటి దుమ్ము లేచింది.

ఆవిష్కరణ రోజు వేదిక మీద కుర్చీ వేస్తామని ఫోను చేశారు. వెళ్లలేదు. మేము చెరిపించిన చోట ఇప్పుడు ఆ రాయిని ఆవిష్కరించిన నాయకుడి పేరుందట.