బొరుగులు తినని వాస్తు చేప

మా చిన్నప్పుడు... బడి వదలగానే పుస్తకాల సంచితోనే అమ్మ పనిచేసే ఇంటికి పరుగెత్తేదాన్ని. వేంపల్లెలో ఒక కాంట్రాక్టరు గారి మేడ అది. హాల్లో అడుగు పెట్టగానే ఈశాన్యం మూల పెద్ద గాజుతొట్టి... అందులో జానెడు పొడవు చేప. తల మీద ఇంత బుడిపె. నేను ఎటు నడిస్తే అటు తిరిగి చూసేది. నాకు దాని మీద మొదటి రోజు నుంచే నమ్మకం లేదు.

అది వాస్తు చేపట. ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెబితే, డ్రైవర్ మాబు మామ కడపకు పోయి తెచ్చాడు. ఇంటి యజమానురాలిని మేం ‘ఆయమ్మ’ అనేవాళ్ళం. ఆమెకు చేప ఒంటరిగా ఉండడం నచ్చలేదు. "ఒంటిగా ఉంటే దానికి దిగులు గాదా?" అని బొటనవేలంత ఎర్ర చేపల్ని తెప్పించి అందులోనే వదిలింది.

మాబు మామ రోజూ గుప్పెడు ఎండు రొయ్యలు వేసేవాడు. పెద్ద చేప కడుపు నిండా తిని, చిన్నవాటిని అప్పుడప్పుడు తరిమేది... అంతే.

కార్తీకం వచ్చింది. ఆ నెలంతా ఆ ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. రొయ్యల డబ్బా మూత తీస్తే హాలంతా వాసన... ఆయమ్మ దాన్ని కారు షెడ్డులో పెట్టించింది.

"మరి చేపకు ఏం బెట్టాలమ్మా?" అన్నాడు మాబు మామ.

"బొరుగులు ఎయ్యప్పా. ఈ ఇంట్లో ఉండేటిది ఈ ఇంటి పద్ధతిగానే ఉండాల."

బొరుగులు... అవే, మరమరాలు... నీళ్ళ మీద తేలేవి, ఉబ్బేవి. ఎర్ర చేపలు కొరుక్కుతినేవి. పెద్దది వాటి వైపు చూసేది కూడా కాదు. "చూడు, ఉపాసముండాది పాపం" అని ఆయమ్మ మురిసిపోయేది.

ఒకరోజు ఒక ఎర్ర చేప కనిపించలేదు. పిల్లి పనే అనుకున్నారు. తొట్టి మీద అద్దం మూత పెట్టారు. ఇంకొకటి పోయింది.

"ఏం మాబూ, నీ బిడ్డ ఆడుకునేదానికి ఏమన్నా ఎత్తకపోయినావా?"

"నా బిడ్డకు మేకపిల్లే దిక్కు లేదు, చేపపిల్ల యాడిదమ్మా!" అని అతను నవ్వేశాడు. ఆయమ్మ నవ్వలేదు.

ఒక సోమవారం ఆ ఇంటివాళ్ళు తెల్లవారుజామునే మహానందికి బయలుదేరారు. ఇల్లు కడగమని అమ్మకు అప్పగించారు. నాకు బడి సెలవు. ఇంట్లో మేమిద్దరమే...

సాయంత్రం కారు దిగి వచ్చిన ఆయమ్మ నేరుగా తొట్టి దగ్గరికే వెళ్ళి అమ్మను పిలిచింది.

"సుగుణా, పొద్దున మూడు ఉండె. ఇప్పుడు ఒకటే ఉండాది. ఇంట్లో ఉండింది మీరే గదమ్మే."

"తొట్టి కాడికే పోలేదమ్మా నేను."

"నువ్వు దొంగవని గాదు... మీకు కార్తీకం లేదు గదా, అందుకని అడిగినా."

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మాకు కార్తీకం లేదన్నది నిజమే. ఆ నిజమే ఆ రోజు నేరమై కూర్చుంది.

"పాపా, చెయ్యి ఇట్ల తే."

ఇచ్చాను. ఆయమ్మ నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పొద్దున తిన్న ఉడకేసిన శెనక్కాయల వాసన తప్ప ఏముంటుంది... అయినా ఆమె మొహంలో అనుమానం పోలేదు.

అమ్మ ఆ వీధిలో నాలుగు ఇళ్ళలో పనిచేసేది. ఒక ఇంట్లో పేరు పోతే మిగతా గడపలు కూడా ఎక్కనివ్వరు. నా చదువు ఆ గడపల మీదే నడిచేది.

అమ్మ చీపురు గోడకు ఆనించి, తొట్టికి కొంచెం ఎడంగా నేల మీద కూర్చుంది.

"ఇంకొకటి ఉండాది గదమ్మా. నేను ఈన్నుంచి లేయను. మీరూ కూచోండి. అది ఎట్ల పోతాదో ఇద్దరం చూద్దాం."

ఆయమ్మ సోఫాలో కూర్చుంది. చుక్క కనిపించేదాకా ఆమెకు ఉపవాసం. అమ్మ కళ్ళు చేప మీద... ఆయమ్మ కళ్ళు అమ్మ చేతుల మీద. టెంకాయల సంచితో లోపలికి వచ్చిన మాబు మామ అక్కడే నిలబడిపోయాడు.

ఎర్ర చేప బొరుగు కోసం పైకి వచ్చింది. పెద్దది అడుగు నుంచి తొందరేమీ లేనట్టు లేచింది... నోరు తెరిచింది. ఒక్క క్షణం బయట ఎర్ర తోక ఆడింది. తర్వాత అదీ లేదు.

మొదట మాబు మామే అన్నాడు, "కార్తీకం మీకు గానీ, దానికి యాడిదమ్మా!"

"అయ్యో... సోమారం పూట!" అంటూ ఆయమ్మ లేచి మళ్ళీ స్నానానికి వెళ్ళింది. తడి జుట్టుతో బయటికి వచ్చి అమ్మతో అన్న మొదటి మాట, "సుగుణా, హాలు ఇంకోసారి తుడువు. నీచు అయింది."

తప్పయిందని అంటుందేమోనని నేను తలుపు దగ్గర చాలాసేపు చూశాను... అనలేదు. అమ్మ హాలు తుడిచింది. మరుసటి రోజూ పనికి వెళ్ళింది.

కానీ అప్పటి నుంచి ఏ ఇంట్లో పని ముగించినా గడప దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి, ఒకసారి విదిలించి, మళ్ళీ దోపుకునేది. ఎవరూ అడగకుండానే.

"అట్లెందుకు మా?" అంటే, "వాళ్ళు అడిగేలోపల మనమే చూపిస్తే మేలు పాపా" అనేది.

ఇప్పుడు నేను కర్నూలులో టీచర్ని. పెంపుడు చేపల అంగళ్ళలో ఇప్పుడు ఏ చేపను దేనితో కలపకూడదో ముందే చెబుతున్నారు. ఇళ్ళలో గడప గడపకూ కెమెరాలు... చేతులు వాసన చూసే అవసరం ఎవరికీ లేదు. అమ్మ పని మానేసి చాలా కాలమైంది. నన్ను చూడడానికి వస్తుంది, రెండు రోజులుండి బయలుదేరుతుంది. బస్సుకు ఆలస్యమవుతున్నా నా గడప దగ్గర ఆగి కొంగు విదిలిస్తుంది... తన కూతురి గడప దగ్గర.

మీ అమ్మకూ ఇలాంటి అలవాటేదైనా ఉందా... అది ఏ ఇంట్లో అంటుకుందో ఎప్పుడైనా అడిగారా?