తిన్న మేకను లేపినవాణ్ణి

విశ్వవిద్యాలయంలో వాలీబాల్ జట్టును మళ్లీ పెట్టాలన్నప్పుడు కిందటేడు అడ్డుపడింది రిటైరైన స్పోర్ట్స్ ఆఫీసరేనని జగదల్‌పూర్‌లో చాలామంది నమ్ముతున్నారు. టీ బడ్డీల దగ్గర ఆయన్ని తిట్టినవాళ్లున్నారు. నా దుకాణానికి నెట్లూ బంతులూ కొనడానికి వచ్చే పిల్లలు కూడా తిట్టారు. వాళ్లు తిడుతుంటే నేను పంపుతో బంతిలో గాలి కొడుతూ హాయిగా విన్నాను. నిజానికి ఆయన జట్టు కావాలన్న మనిషి. అడ్డుపడింది నేను.

ఈ మాట రాస్తున్నాను కదా అని ఆయన మంచివాడని ఒప్పుకున్నట్టు కాదు. ఆయన మీద నా పగ ఇవాళ్టికీ పదునుగానే ఉంది. నా బాధంతా ఒక అమ్మాయి గురించి. ఆమె నష్టపోయిన ఒక ఏడాది గురించి.

మాది సుక్మా జిల్లా కుంటలో కిరాణా కొట్టు నడిపే కుటుంబం. నేను చదువుకోవడానికి జగదల్‌పూర్ వచ్చి, విశ్వవిద్యాలయం వాలీబాల్ జట్టుకు కెప్టెన్‌నయ్యాను. జట్టులో సగం మంది దక్షిణాన ఉన్న అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆ ఊళ్లలో వాలీబాల్ ఆడని ఇల్లు ఉండదు. రెండు వెదురు గడలు పాతి నెట్ కడితే చాలు, వరికోతలయ్యాక ప్రతి సాయంత్రం కళ్లకు బంతి కనబడినంతసేపూ ఆడతారు. మా జట్టులో బంతిని బలంగా కొట్టేవాడు ఎర్రబోరు అవతల ఒక ఊరి దోర్ల తెగ కుర్రాడు. బంతిని నెట్ మీదికి లేపి పెట్టడం నా పని. అవతలివాళ్ల నేలకేసి కొట్టడం అతని పని. నన్ను బావా అనేవాడు. నేనూ బావా అనేవాణ్ణి.

ఆ ఊళ్లలో పోటీ పెడితే బహుమానం మేక. గెలిచినవాళ్లు దాన్ని మైదానం పక్కనే కోయించి వండించాలి. మొదటి ఆకు ఓడినవాళ్లకు వేసి, గెలిచినవాళ్లే వడ్డించాలి. తర్వాత అందరూ ఒక కుండ నీళ్లతో చేతులు కడుక్కుంటారు. గెలిచిన మేకను ప్రాణంతో ఊరు దాటించడం అంటే, మీ పక్కన కూర్చుని మేం తినం అని మొహం మీద చెప్పడమే.

ఒక చలికాలం మా బావ వాళ్ల ఊళ్లో ఆడి గెలిచాం. మేకను గుంజ నుంచి విప్పి నా చేతికిచ్చారు. అప్పుడు స్పోర్ట్స్ ఆఫీసర్, దాన్ని జీపులోకి ఎక్కించమన్నాడు. ఆయన బైలడిల్లా గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన కోస్తా మనిషి. మాతో తెలుగులోనే మాట్లాడేవాడు.

"సార్, మేకను ఇక్కడనే కొయ్యాలె. మొదలు వాళ్లకు పెట్టి మనం తినాలె" అన్నాను.

"రేపు మా ఇంట్లో బారసాలయ్యా. గెలిచింది మనవేగా? వాళ్ల దగ్గర తాకట్టు పెట్టి వెళ్లాలా? ఎక్కు, ఎక్కు."

ఎక్కాను. దారి పొడుగునా మేక కాళ్లు పట్టుకుని కూర్చుంది నేనే. మా బావ జీపు ఎక్కలేదు. "మీరు పోండి" అని మాత్రం అన్నాడు.

కొన్నాళ్లకు ఆ ఊరి పెద్దలు బస్సులో వచ్చి, మేక సంగతి ఏమిటని నెమ్మదిగా అడిగారు. స్పోర్ట్స్ ఆఫీసర్ నా వైపు వేలు చూపించాడు. "మా కెప్టెన్ సుక్మా సంతలో అమ్మేసుకున్నాడట. నేనేం చెయ్యను?" అన్నాడు. అంతకుముందే ఆయన ఇంటి బారసాలలో నాకు ఆ మేక కూర వడ్డించారు. ఆ ఎముక కొరికిన నోరు నాకు ఆ క్షణంలో పెగల్లేదు.

కెప్టెన్సీ పోయింది. దక్షిణాది కుర్రాళ్లు ఒక్కొక్కరే ఆడటానికి రావడం మానేశారు. పల్లెటూరి పిల్లలకు క్రమశిక్షణ లేదని ఆయన పైవాళ్లకు చెప్పి, ఆ ఏడే జట్టును ఎత్తేయించాడు. వాలీబాల్ కోర్టు ఉన్న చోట క్రికెట్ వాళ్లు వలలు కట్టుకున్నారు. నాకు మాత్రం 'మేకల కెప్టెన్' అన్న పేరు మిగిలింది. నా పెళ్లి ఊరేగింపులో వెనక నుంచి ఎవడో 'మే' అని అరిచాడు. ఎందుకు అరిచాడని మా ఆవిడ ఇంతవరకూ నన్ను అడగలేదు. అప్పటికే ఎవరో చెప్పేసి ఉంటారు.

ఊరితో తగువు మాత్రం మా నాన్న ఆ ఎండాకాలంలోనే తీర్చేశాడు. ఒక మేకను కొని, నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి తీసుకెళ్లాడు. అందరం వరసలో కూర్చుని తిన్నాం. కుండ నీళ్లతో చేతులు కడిగాక ఊరి పెద్ద, "అయిపోయింది. తిన్న మేక మళ్ల లేవదు" అన్నాడు. అది అక్కడి కట్టు. కలిసి తిన్న తర్వాత ఆ తగువును ఎవరూ, ఎక్కడా మళ్లీ ఎత్తకూడదు.

ఆ వరసలో స్పోర్ట్స్ ఆఫీసర్ లేడు. అందుకని ఆయనతో నా లెక్క వేరే ఉందనుకున్నాను.

తర్వాత జగదల్‌పూర్‌లోనే ఆట సామాన్ల దుకాణం పెట్టాను. ఆయన బ్యాడ్మింటన్ ఆడేవాడు. షటిల్స్ కోసం నా దగ్గరికే వచ్చేవాడు. వానాకాలంలో చెమ్మ పట్టి ఈకలు మెత్తబడిన డబ్బాలు ఆయన కోసం ప్రత్యేకంగా తీసిపెట్టేవాణ్ణి. "ఏంటయ్యా, నీ షటిల్స్ కాకుల్లా ఎగురుతున్నాయి" అనేవాడు. "మీ దెబ్బ అట్లుంటది సార్" అనేవాణ్ణి. ఇంతకంటే పెద్ద అవకాశం రావాలని ఎదురుచూశాను.

వచ్చింది. వాలీబాల్ జట్టును మళ్లీ పెట్టాలా వద్దా అని విశ్వవిద్యాలయం ఒక కమిటీ వేసింది. ఈసారి ఆడపిల్లల జట్టు కూడా ఉంటుందన్నారు. పాత ఆటగాడిని కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా బావ కూతురు. అక్కడే చదువుతోంది. పొడుగ్గా, తండ్రిలాగే కుదురులేని కాళ్లతో కౌంటర్ ముందు నిలబడింది.

"మామా, నువ్వు గట్టిగ చెప్పాలె. నాకు ఇంక రెండేండ్లే ఉన్నది. టీమ్ లేకపోతే నేను ఎవరి తరఫున ఆడాలె? పీటీ టీచర్ నౌకరీకి అడిగితే ఏం చూపియ్యాలె?"

"నువ్వు మంచిగ ఎగురుతవా?"

"మా నాయిన కంటె ఎక్కువ."

"మీ నాయిన ఎగురుడు నువ్వెన్నడు చూసినవ్?"

"సల్ఫీ కల్లు చెట్టు కింద కుక్క ఎంబడి పడ్డప్పుడు చూసిన."

నవ్వి, ఒక కొత్త బంతి ఇచ్చి పంపాను. చెబుతానని మాటిచ్చాను. ఏం చెప్పాలో రెండు రోజులు మనసులో అనుకున్నాను కూడా.

మీటింగు గదిలోకి అడుగు పెట్టగానే ఆయన కనబడ్డాడు. సలహాదారుగా పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఆటగాళ్లను ఎంచడానికి ఏటేటా పోటీ జరపాలని, దానికి తన పేరుతో వెండి కప్పు తానే ఇస్తానని అప్పటికే చెప్పేశాడట. నన్ను చూసి, "రావయ్యా, మేకల కెప్టెన్!" అన్నాడు. ఆపైన రాయ్‌పూర్, బిలాస్‌పూర్ నుంచి వచ్చిన అధికారులందరికీ హిందీలో ఆ కథ చెప్పాడు. కుర్రతనంలో ఈయన గెలిచిన మేకను సంతలో అమ్ముకున్నాడని చెప్పాడు. అందరూ నవ్వారు. చాయ్ ఇస్తున్నవాడు కూడా నవ్వాడు. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ ఆయనే దాన్ని నమ్మేశాడేమో తెలియదు.

నా వంతు వచ్చింది. లేచాను.

"ఆ ఊళ్లు ఆ మేకను ఇంకా మరిచిపోలేదు. ఈయన పేరుతో పోటీ పెడితే అటువైపు నుంచి ఒక్కరు రారు. మన పిల్లలు అక్కడికి ఆడటానికి వెళితే ఏం జరుగుతుందో నేను చెప్పలేను" అన్నాను.

పని చేసింది ఆ చివరి వాక్యం. సుక్మా దాటాక మందుపాతరలు పేలిన ఆ రోడ్డు పేరు వింటేనే బయటి నుంచి వచ్చిన అధికారుల మొహాలు మారతాయని నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. గదిలో నవ్వు ఆగిపోయింది. ఇప్పట్లో వద్దు, తర్వాత చూద్దాం అని అధ్యక్షుడు ఫైలు మూసేశాడు. ముసలి స్పోర్ట్స్ ఆఫీసర్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ మొహం చూడటానికి నేను సగం జీవితం ఎదురుచూశాను. ఇంటికి పోతూ దారిలో జిలేబీలు కొనుక్కెళ్లాను.

మీటింగులో ఆయన వల్లే ఏదో చెడిందని ఊళ్లో పాకింది. పాకనిచ్చాను.

పది రోజులు కాకముందే మా బావ బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చాడు. వెనక కూతురు. మీటింగులో చాయ్ ఇచ్చినవాడు నా మాటలు ఆమెకు చెప్పాడట. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"ఏంది బావా, మా ఊరికి పగ ఉన్నదన్నవంట?"

"ఆయన మీది కోపంతోటి అన్న."

"ఆయన మీద కోపముంటే ఆయనను తిట్టు. గల్ల పట్టుకో. మా ఊరు నీకేం చేసింది? ఊరికి ఊరే చెదిరిపోయి భద్రాచలం దిక్కు అడవుల్ల పడి ఉన్నం. మళ్ల వచ్చి ఇండ్లు లేపుకున్నం. ఎవలెవలు పోయిన్రో నీకు తెలుసు. వాటన్నిటికి ఏడ్చి ఊకున్నోళ్లం, ఒక్క మేకకు పగ పట్టినమా?"

నేను కౌంటర్ మీదున్న బంతిని పక్కకు జరిపాను. అతను దానివైపు చూశాడు.

"ఆటల బంతి లేపు బావా అంటే ఒక్కనాడు సక్కగ లేపలే. తిన్న మేకను మాత్రం మంచిగ లేపినవ్."

మామూలుగా అయితే నవ్వేవాళ్లం. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "పోదాం నాయినా. సార్‌కు గిరాకీ టైమ్" అంది. అప్పటిదాకా ఆమె నన్ను మామా అనే పిలిచింది.

ఊరివాళ్లు కబురు పంపారు. కట్టు తప్పింది నేను కాబట్టి మేక నేనే తేవాలి. వడ్డన నేనే చెయ్యాలి. తగువులో ఉన్న ఇంకో మనిషి కూడా ఈసారి వరసలో కూర్చోవాలి. ఆ తర్వాత, మాట ఎక్కడ ఎత్తానో అక్కడే దించాలి. ఇవన్నీ జరిగితే వాళ్లు కమిటీ ముందుకు వచ్చి, మా పిల్లలను పంపుతాం అని చెబుతారు.

మేకను తేవడం సులువే. ముసలాయన గేటు తీయడానికి నాకు వర్షాకాలం మొత్తం పట్టింది. అంతకాలం ఆ అమ్మాయి బజారులో ఎదురైతే తల వంచుకుని పోయేది. చివరికి వెళ్లాను. వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఆ మేకను అమ్మింది నేను కాదని మీకు తెలుసు" అన్నాను.

"తెలుసు. నోటికొచ్చింది అనేశాను. నువ్వు పక్కనే ఉన్నావుగా, కాదనొచ్చుగా?"

గొంతు పిసకాలనిపించింది. అది నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్న ప్రశ్నే. అందుకే మరీ మండింది. కప్పు సంగతి మళ్లీ కమిటీలో కదులుతుందన్న ఆశతో ఆయన వస్తానన్నాడు. నన్ను క్షమించమని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఊళ్లో ఆయన్ని వరసలో కూర్చోబెట్టి, ఆకు వేసి, నా చేత్తో వడ్డించాను. మెడ ఎముకలు ఏరి ఆయనకే వేశాను.

"పులుసు కొంచెం పొయ్యవయ్యా. ముక్కలు గట్టిగా ఉన్నాయి" అన్నాడు.

పోశాను. చూస్తున్న ఊరి పెద్ద, "సావుకారి, చేత్తోటి ఒడ్డిస్తున్నవు, కండ్లతోటి గుంజుకుంటున్నవు" అన్నాడు. వరసంతా నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కమిటీ మళ్లీ కూర్చున్నప్పుడు ఊరి పెద్దలు కూడా వచ్చారు. ఆ ఊరికి పగ లేదని, నా కోపాన్ని ఊరి నెత్తిన రుద్దానని అందరి ముందూ చెప్పాను. తర్వాత పెద్దలు ముసలాయన వైపు చూశారు. "మేకను నేనే తీసుకెళ్లాను" అని ఆయన గొణిగాడు.

"వెనక ఉన్నవాళ్లకు వినబడలేదు సార్" అన్నాను.

మళ్లీ చెప్పాడు, గట్టిగా. ఆ రెండోసారి కోసం నేను మరో మేకను కూడా కొనేవాణ్ణే.

రెండు జట్లూ పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆటగాళ్లను ఎంచే పోటీ మా ఊళ్లోనే జరపండని పెద్దలు అడిగారు. మా ఊళ్లో ఆడితే బహుమానం మేకే, కప్పులు మాకు తెలియవు అన్నారు. ఆ మాట వాళ్ల నోట్లో పెట్టింది నేనే. కప్పు మీద పేరు చెక్కించుకోవచ్చు, మేక మీద ఎక్కడ చెక్కిస్తాడు? బయటికి వస్తూ ఆయన నా వైపు చూసిన చూపులో, సంగతి అర్థమైందని తెలిసింది.

ఇదంతా తేలేసరికి ఆ అమ్మాయికి మిగిలిన రెండేళ్లలో ఒకటి గడిచిపోయింది.

పోటీ మొన్న జరిగింది. నేనూ ముసలాయనా మైదానం పక్కన ఒకే బెంచీ మీద రెండు కొసల కూర్చున్నాం. ఆమె ఎగిరింది. తండ్రి కంటే ఎక్కువ ఎత్తుకే ఎగిరింది. ఆమె ఉన్న జట్టు గెలిచింది. జట్టుకు ఎంచినవాళ్ల పేర్లలో మొదట ఆమె పేరే చదివారు. మేకను అక్కడే కోశారు. ఆమె చెమట తుడుచుకుని గంటె పట్టుకుంది. ముందు ఓడినవాళ్లకు వడ్డించింది. తర్వాత ఊరి పెద్దలకు. తర్వాత మా దగ్గరికి వచ్చింది.

"పులుసు పొయ్యనా తాతా?" అని ఆయన్ని అడిగి, రెండు గంటెలు పోసింది. నా ఆకు ముందు ఆగింది.

"చాలా సార్?"

చాలన్నాను.