బాపు మానకముందే చెప్పిన సాక్ష్యం

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పి కూర్చోవచ్చు. ఆ ఆదివారం మా అమ్మ లేచింది.

"మా ఇంటాయన తాగుడు మానేసిండు. దేవునికి స్తోత్రం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలెత్తలేదు. ముందురోజు సాయంత్రమే బాపు హాలియా మిల్లులో వడ్లు దింపి, ట్రాక్టరు తోలుకొస్తూ బెల్టు షాపు దగ్గర ఆగాడు. ఇంటికొచ్చి పళ్లెం ముందే నిద్రపోయాడు. అన్నంలో ఉన్న ఆయన చేతిని తీసి కడిగింది నేనే.

బయటికొచ్చాక అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పినవమ్మా?"

"అబద్ధం ఎట్లయితది? దేవున్ని అడిగినంక దొరికిందనే నమ్మి, ముందుగాలనే స్తోత్రం జెప్పాలని పోయినవారం పాస్టరయ్యగారు చెప్పలేదా? నమ్మిన. చెప్పిన."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె బాపు కోసం మోకాళ్ల మీదే ఉంది. నేనేమో, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమని చర్చిలో అడిగినప్పుడల్లా "ఇంట్లో శాంతి సమాధానాల కోసం" అని నసిగి కూర్చునేదాన్ని. తాగుడు అన్న మాట నా నోట వచ్చేది కాదు.

మరునాడు మిల్లు దగ్గర, మా చర్చికి వచ్చే ఒకామె బాపును అందరిలో పలకరించిందట. "అన్నా, తాగుడు బంద్ జేసినవంట గద! మస్తు సంతోషం."

పక్కనున్న డ్రైవర్లు ఊరుకుంటారా? "అరె, మరి మొన్న మాతోని తాగింది ఎవరే, నీ తమ్ముడా?" అని పగలబడి నవ్వారట.

బాపు ఆ రోజు తాగకుండానే ఇంటికొచ్చాడు, కోపంతో.

"నన్ను అడగకుండనే నాతోని మాన్పిచ్చినవా? గా మిల్లు కాడ మొకం ఎట్ల చూపియ్యాలె?"

అమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "మానితే చూపియ్యొచ్చు గద."

ఆయన చెప్పులేసుకుని మళ్లీ బెల్టు షాపుకే పోయాడు. ఆమె నమ్మకమే ఆయన్ని అటు తరిమిందని నాకు అనిపించింది. అనిపించినందుకూ సిగ్గేసింది.

తర్వాతి ఆదివారం చర్చికి రానన్నాను.

"సిగ్గయితాంది నాకు."

"చెప్పింది నేను. సిగ్గు నాకు గావాలె. నడువు."

సాక్ష్యాల సమయంలో అమ్మ మళ్లీ లేచింది. "పోయినవారం చెప్పింది ఇంక కాలే. మా ఆయన మానలే. నేనే తొందరపడ్డ. మీరు మాత్రం ప్రార్థన ఇడిసిపెట్టకుండ్రి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను ముసుగు ఇంకా ముందుకు లాక్కున్నాను. అప్పుడు పాస్టరుగారు నావైపు చూశారు. "బిడ్డా, మీ నాయిన కోసం నువ్వు ప్రార్థన చెయ్యి."

నలుగురిలో నేనెప్పుడూ ప్రార్థించలేదు. డైరీలో నేను రాసుకునే ప్రార్థనల్లోని అందమైన మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ప్రభువా, మా బాపు తాగుతున్నాడు," అన్నాను.

అక్కడే ఆగిపోయాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఇంకా ఏదో ఉందని అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. చివరికి "మాన్పించు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి బాపు మంచంలో ఉన్నాడు.

"ఇయ్యాల నా గురించి ఏం జెప్పొచ్చిండ్రు?"

"మానలేదని అమ్మ చెప్పింది."

"మరి నువ్వు?"

"మాన్పించమని అడిగిన."

ఆయన పైకప్పు రేకుల వైపు చూశాడు. "ఏమన్నడు మీ దేవుడు?"

ఎకసెక్కమాడుతున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో నాకు తెలియలేదు. "ఇంక ఏమనలే," అన్నాను.

"అడుగుండ్రి మరి," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బాపు ఇప్పటికీ మానలేదు. కొన్ని ఆదివారాలు, ఇదే మాట ఎన్నిసార్లు వింటారోనని అందరి ముఖాలూ చూస్తూ కూర్చుండిపోతాను. తర్వాత లేస్తాను. లేచిన ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి. అయినా అడుగుతున్నాను. అడగమన్నది బాపే.