అక్క లైన్ క్లియరెన్స్ చేసిన ఆదివారం

మొన్న ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ నా బల్ల మీది పెట్టెను చూసి, "బిల్లింగ్ మిషనా సార్?" అన్నాడు. రబ్బరు ప్యాడ్లు, చిన్న తెర, ఫ్లాపీ దూర్చే సందు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అది పాత సాంప్లర్. ఏ చప్పుడైనా మైకు పెట్టి దాంట్లోకి ఎక్కిస్తే, ప్యాడు మీద వేలితో కొట్టినప్పుడల్లా అదే చప్పుడు పలుకుతుంది. అలా కొట్టి కొట్టి హిప్‌హాప్ బీట్లు కట్టడం నా పిచ్చి. పటాన్‌చెరులో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నవాడికి ఇదేం రోగమని మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుతుంది. ఆ పెట్టెలో పట్టేది మొత్తం కలిపి పది సెకన్లే. ఫ్లాపీలో దాచకుండా స్విచ్ ఆపితే ఆ పదీ గల్లంతే.

అలాంటిదాన్ని నమ్మి మా అక్క గొంతును అప్పగించాను. అక్క పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పదిహేనేళ్లుగా ప్యాకింగ్ పని చేస్తుండేది. కంపెనీ బస్సులో అప్పటికప్పుడు మాటలు కట్టి, ఊపిరి తీసుకోకుండా గడగడా అప్పజెప్పేది. డ్రైవరు కూడా పాట పెట్టడం మానేసి వినేవాడట. ఒకసారి గొంతులో గడ్డ తేలింది. మంగళవారం ఆపరేషన్ అన్నారు, గొంతు మారినా మారొచ్చన్నారు. ఆదివారం పొద్దున్నే అక్క మా ఇంటికొచ్చి కూర్చుంది. "నా గొంతు ఎటువోయినా నా మాట ఉండాలె తమ్మీ. నీ డబ్బల ఎక్కియ్యి" అంది. ఫోన్లో రికార్డు చేస్తే నిమిషం పని. కానీ ఆ పెట్టెలో పడితే వచ్చే గరుకుదనం ఫోన్లో రాదని నా మొండితనం.

ఖాళీ మాత్రల షీటును చిటుక్కు చిటుక్కుమని నొక్కి తాళం చేసుకున్నాం. అక్క బస్సు మాటల్లోంచి నాలుగు లైన్లు ఏరుకుని, ముక్కలు ముక్కలుగా ఎక్కించాం.

"ఐదు గొట్టంగనే బస్సొచ్చె సూడు
బుక్కెడు బువ్వకు పర్మిషన్ అడుగు"

ఈ రెండు లైన్లకే రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నానికి నాలుగూ కుదిరాయి. ఆ సంబరంలో ఫ్లాపీ మాట మరిచి చాయ్ తేవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అక్క బల్లను తడిగుడ్డతో తుడుస్తోంది. ఏ ముక్క ఎక్కడుందో రాసి ప్యాడ్ల మీద నేను అంటించిన చీటీలన్నీ పీకి చెత్తబుట్టలో వేసింది. పెట్టె స్విచ్ ఆపి, వైరు పీకి చక్కగా చుట్టింది. వాళ్ల కంపెనీలో ఒక బ్యాచ్ అయిపోతే దాని ఆనవాలు ఒక్కటి మిగిలినా రెండోది మొదలెట్టనివ్వరు. దాన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. పదిహేనేళ్ల అలవాటు, చేతులు ఊరుకుంటాయా!

నా మొహం చూసి, "ఏమాయె?" అంది. పొద్దుటి నుంచి ఎక్కించిందంతా పోయిందని చెప్పాను. ఆమె మీద కోపం వచ్చింది, దాచకుండా వెళ్లిన నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. చాయ్ అలాగే చల్లారిపోయింది. అక్క ఒకసారి గొంతు తడుముకుని, లేచి వైరు విప్పి తనే ప్లగ్గులో పెట్టింది.

"బ్యాచ్ ఫెయిలైతె ఏడ్సుకుంట కూసుంటమా? మల్ల జేస్తం. లే."

సాయంత్రం దాకా చేశాం. మధ్యలో గొంతు బొంగురుపోయింది, దగ్గొచ్చింది. చాలు అక్కా అంటే కళ్లెర్రజేసింది. ఒక్కో ముక్క కాగానే ఫ్లాపీలో దాచాను. పొద్దుటి గొంతులో అల్లరి ఉండేది, ఈ గొంతులో పంతం తప్ప ఇంకేం లేదు.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతు మాత్రం సన్నబడింది, గడగడా అనడం మళ్లీ రాలేదు. కోలుకున్నాక బీట్ వినిపిస్తే, "ఇది నేనేనా? గిట్ల కొట్లాడిన్నా?" అని మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ పొద్దుటి గొంతును ఎంత గుర్తుచేసుకుందామన్నా ఇప్పుడు నా చెవికి అందడం లేదు. మొదటిసారి అలవోకగా కుదిరినదాన్ని కాలం పట్టుకుపోయింది. పట్టుబట్టి రెండోసారి చేసినదాన్ని మాత్రం మా దగ్గరే వదిలేసింది.